పులక్కకు చీర

తోవ తప్పానని హన్మంతుకు పొద్దు నడినెత్తికొచ్చాక గాని తెలియలేదు.

సదాశివనగర్ పక్క ఊరి నుంచి ఎల్లారెడ్డి దాకా ఎడ్లబండి. అక్కడి నుంచి అడవిలోకి కాలినడక. చంకలో కొత్త చీర, గాజులు, కొబ్బరికాయ కట్టిన మూట.

ఇన్నేళ్లూ తండ్రి నారాయణే వచ్చేవాడు. ఎవరినీ వెంట రానిచ్చేవాడు కాదు. ఈ ఏడు మంచం పట్టాడు.

"నా పానం పోయేలోపు చీర చేరాలె బిడ్డా," అని ఒకటే పోరు.

చావుకు దగ్గరైన మనిషి కోరిక. కాదనలేక బయలుదేరాడు గాని, కల్లంలో జొన్నలు అలాగే ఉన్నాయి. హన్మంతుకు విసుగ్గానే ఉంది.

చీర అడవిలో రాయై వెలసిన పులక్కకు. పులక్క అంటే హన్మంతు సొంత అక్క భూదేవి. నిజాంసాగరు కట్ట కడుతున్న రోజుల్లో, హన్మంతుకు రెండేళ్లప్పుడు, అడవిలో పులి ఎదురైతే తమ్ముణ్ణి చెట్టుకొమ్మ మీద కూర్చోబెట్టి, తాను పులినెక్కి వెళ్లి దేవతైందట. ఊరంతటికీ కంఠతా వచ్చిన కథ. చెప్పినకొద్దీ పులి పెరుగుతూ వచ్చింది. ఈ మధ్య దానికి వెండి కోరలు కూడా మొలిచాయి. నీది ఆమె పెట్టిన బతుకురా అని పెద్దలు అన్నప్పుడల్లా హన్మంతు చేతులు జోడించేవాడు.

దాహంతో నోరు పిడచకట్టుకుపోయింది. ఇప్పచెట్టు కనబడితే నీడకని అటు నడిచాడు.

"కదలకు తమ్మీ."

వెనక నుంచి ఆడగొంతు. అప్పుడు చూశాడు. చెట్టు కింద గుడ్డెలుగు రాలిన పూలు తింటూ తలెత్తింది.

ఆమె గంప దించి, హన్మంతుకు అడ్డంగా వచ్చి నిలబడి, చేతికర్రతో ఎండుమొద్దును దబదబా బాదుతూ కేకలేసింది. ఎలుగు కాసేపు చూసి పొదల్లోకి పోయింది.

ఆమె సొరకాయ బుర్రలో నీళ్లిచ్చింది. ఎండకు మాడిన మొహం, అతుకుల చీర, గంపలో ఇప్పపూలు.

"ఏడికి?"

"పులక్క రాయి కాడికి."

ఆమె అతని మొహంలోకే చూస్తూ ఉండిపోయింది.

"మీ బాపు రాలేదా?"

"బాపు నీకెరుకనా?"

"ఏడాదికోసారి కనవడుతడు గద. మంచిగున్నడా?"

"మంచంల ఉన్నడవ్వా."

ఆమె గంపెత్తుకుంది. ముందు నడిచి, రాయి చూపించి, పక్కకు తప్పుకుంది.

హన్మంతు రాయికి పసుపు రాశాడు. చీర కప్పాడు, గాజులు పెట్టాడు, కొబ్బరికాయ కొట్టాడు. బాపును సల్లగ చూడమని అక్కకు మొక్కాడు. బరువు దిగినట్టయింది.

నాలుగడుగులు వేశాక, దారి చూపినామెకు ఓ కొబ్బరిచిప్ప ఇద్దామని వెనుదిరిగాడు.

ఆమె రాయి మీది చీర తీసి మడతపెడుతోంది. గాజులు అప్పటికే చేతికెక్కాయి.

హన్మంతుకు ఒళ్లు మండిపోయింది.

"ఏం జేస్తున్నవే?"

"ఏటేట నేనే తీసుకుంట తమ్మీ."

"ఏటేట మా అక్క చీర ఎత్కపోతున్నవా?"

చీర గుంజుకున్నాడు. గాజులు లాగితే రెండు పగిలి ఆమె మణికట్టు తెగింది. ఆమె పెనుగులాడలేదు.

"మీ బాపు నీకేం చెప్పలేదా?"

"ఏం చెప్తడు, ఈడ దొంగలున్నరనా? మల్ల ఈ రాయి కాడ కనవడితె అడవి కాసే జంగ్లాత్ జవాన్లకు పట్టిస్త."

"ఇగ రాను," అంది ఆమె అలసటగా. "ఆయనను మంచిగ చూసుకో."

గంపెత్తుకుని వెళ్లిపోయింది. ఎటు పోయిందో హన్మంతు చూడలేదు.

మైలపడ్డ చీర దేవతకెలా పెడతాడు? మూటకట్టుకుని ఇంటికి తెచ్చాడు. మళ్లీ ఇంత దూరం రావాలన్న తలపుకే నీరసమొచ్చింది.

నారాయణ కళ్లు తెరిచాడు.

"చేరిందా?"

హన్మంతు జరిగిందంతా చెప్పాడు. ముసలాయన చీర మీద చెయ్యి వేసి చాలాసేపు ఏడ్చాడు.

"ఏడువకు బాపు. ఇంకో చీర కొని మల్ల పోత."

"పోయి ఎవలకు పెడుతవు బిడ్డా? ఆమె ఏడుంటదో నాకు సుత ఎరుకలేదు."

"ఎవలు?"

నారాయణ ఆగి ఆగి అన్నాడు.

"వేరే కులపోన్ని చేసుకున్నదని తెలిస్తె ఊరోళ్లు మనల వెలేస్తరని పులి కత నేనే కట్టిన, ఆ రాయి నేనే పాతిన, ఏటేట పుట్టింటి చీర కోసం ఆడికొచ్చేది మీ అక్క భూదేవేరా."