రెండంగుళాలు

కొలతలిచ్చి ఆర్డరు పెట్టి మూడు నెలలు ఎదురుచూసిన సైకిలు చుట్టూ, సైకిలు మేస్త్రీ కొట్లో, ఆయన నాలుగోసారి తిరిగాడు. ఆకుపచ్చ రంగు అద్దంలా మెరుస్తోంది. తోలు సీటు, చెక్క మడ్‌గార్డులు, ఇత్తడి గంట.

"చూసింది చాలు, ఎక్కండి" అంది భార్య.

"ఉండవోయ్. సీటు తోలు ఇంకా ఆరలేదేమో."

"తోలేమన్నా తడిబట్టా, ఆరడానికి?"

అసలు భయం వేరే. కొలతలిచ్చిన రోజు భార్య పక్కనే ఉందని, కాళ్ల పొడవు రెండంగుళాలు పెంచి చెప్పాడు. మేస్త్రీ టేపు తీస్తే, నా కొలతలు నాకు కంఠతా వచ్చని కోతలు కోశాడు. ఇప్పుడు ఎక్కితే కాళ్లు గాల్లో వేలాడతాయి.

తప్పేట్టు లేదని ఎక్కాడు. పాదాలు పెడళ్ల మీద అచ్చుగుద్దినట్టు ఆనాయి. తెల్లబోయి మేస్త్రీ వైపు చూశాడు.

"ఆ సాయంత్రమే అమ్మగారు ఫోన్ చేసి అసలు కొలత చెప్పారు సార్" అన్నాడు మేస్త్రీ, గుడ్డతో గంట తుడుస్తూ.

"నా అసలు కొలత నీకెలా తెలుసు?" అన్నాడాయన, భార్య వంక చూడకుండానే.

ఆమె వెనక క్యారియరెక్కి చీర సర్దుకుంది.

"దర్జీలు పొడుగ్గా కుట్టి చచ్చారని మీరు తిట్టుకునే ప్రతి ప్యాంటూ ఇరవై ఏళ్లుగా కింద మడిచి కుడుతున్నది ఎవరు? ఇక తొక్కండి."