పాలోళ్ల కోర్టు

కోర్టు బంట్రోతు పాత జడ్జి పేరు బోర్డు విప్పి కొత్తది బిగిస్తుంటే, లింగస్వామి కిందనే నిలబడి ఒక్కో అక్షరం కూడబలుక్కున్నడు. ఇంటిపేరు కాడనే ఆగిపోయిండు. అక్కడనే గద్దె మీద కూలబడ్డడు.

"మళ్ల గుండ్లపల్లే" అన్నడు పెండ్లాం నాగులమ్మతోని.

పోయిన జడ్జి గుండ్లపల్లి విద్యాసాగర్. వచ్చిన జడ్జి గుండ్లపల్లి సునంద. లింగస్వామి దావా వేసిందేమో గుండ్లపల్లి గుర్వయ్య మీద.

దావా బాట గురించి. కట్టంగూర్ దిక్కు వాళ్ల ఊర్ల, తాతల నాటి నుంచి బండ్లు పోయే బాటకు అడ్డంగా గుర్వయ్య రాతి కడీలు పాతి ముళ్లతీగ గుంజిండు. ఈ జాగా మా మెట్ట చెల్కలదే పొమ్మన్నడు. నాట్లప్పుడంటే నారు కట్టలు నెత్తిన మోసి ఎట్లనో గట్టెక్కిండ్రు. ఇప్పుడు వరి కోతకొచ్చింది. ఆ బాట తెరవకుంటే కోత మిషను పొలంల దిగది. ఇంకొన్ని దినాలు ఆగితే గింజ నేల రాలుతది.

పాత జడ్జి బదిలీ అయిండని తెలిసిన దినం లింగస్వామి కడుపునిండ తిన్నడు. ఇంటిపేరు కలిసిన పాలోని పీడ పోయింది, ఇగ మన మాట వినేటోళ్లు వస్తరని ఊరంత చెప్పుకున్నడు. ఆ సంబురం ఇప్పుడు ఈ బోర్డు కింద నీరుగారిపోయింది.

ఆడమనిషి కదా, పెండ్లితోని వచ్చిన ఇంటిపేరు కావచ్చని నాగులమ్మ ధైర్యం చెప్పబోయింది.

"ఎట్లొస్తేంది? ఆడబిడ్డయితే గుర్వయ్యకు అక్కయితది, కోడలైతే వదినెయితది. మనకేమయితది?"

"మనకు జడ్జయితది" అన్నది నాగులమ్మ.

వకీలు రూప ఫైలు చంకన పెట్టుకొని వచ్చి సంగతి విని నవ్వింది. గుండ్లపల్లి అనే ఊరు జిల్లాకొకటి ఉంటది, ఆ ఊరి పేరే ఇంటిపేరైనోళ్లు ఎక్కడెక్కడో ఉంటరు, పోయినాయనది ఆదిలాబాద్ దిక్కు, ఈమెది ఖమ్మం దిక్కు, ఒకరి మొకం ఒకరు చూసి ఉండరని నిమ్మళంగ చెప్పింది. నిజంగ చుట్టమే అయితే ఆ జడ్జే ఈ కేసు నేను చూడనని పక్కకు జరుగుతదని కూడ చెప్పింది.

లింగస్వామి అంత విని ఒక్కటే అడిగిండు. "ఒకరింట్ల సావయితే ఇంకొకరికి మైల పడతదా, పడదా?"

"మైలకూ కోర్టుకూ ఏం సంబంధం బాపూ?"

"గదే సంబంధం బిడ్డా. మైల పట్టేటోడే పాలోడు. పాలోడు పాలోని దిక్కే మాట్లాడతడు. గిది ఏ సదువుల రాయరు."

రూప ఫైలు సర్దుకొని లోపలికి పోయింది.

గుర్వయ్య ఆ కొసన గోడకు ఆనుకొని ఉన్నడు. తెల్ల అంగి, మెడల తువ్వాల. వాడు కూడ ఆ బోర్డునే చూస్తుండు. మొకంల నవ్వు లేదు. లేకుంటే ఏంది, లోపల లోపల నవ్వుకుంటుండొచ్చు అనుకున్నడు లింగస్వామి.

కొంచెంసేపటికి లింగస్వామి తన తువ్వాల దులిపి భుజాన వేసుకొని లేచిండు. చెరువు దిక్కు మడిల ఒక మూల గుర్వయ్యకు రాసిచ్చి బాట అడుక్కుంటనన్నడు. నాగులమ్మ కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. వాని కాళ్ల మీద పడతవా అన్నది. గింజ రాలినంక ఎవల కాళ్ల మీద పడాలె అని కదిలిండు.

అటు నుంచి గుర్వయ్య కూడ కదిలిండు. బండ్లు ఆపిన కాడ ఇద్దరూ ఎదురుపడ్డరు.  గుర్వయ్యే ముందుగాల మాట కలిపిండు.

"బావా" అన్నడు. కడీలు పాతిన నాటి నుంచి ఆ పిలుపు లేదు. "రేపు పొద్దున కడీలు పీకిస్త. మిషను తెచ్చుకో. లోపలికి పోయి రాజీ అయినమని చెప్పొద్దాం."

లింగస్వామి అడుగుదామనుకున్న మడి మూల ముచ్చట నాలుక మీదనే ఆగిపోయింది.

రూప ఉరికురికి కాయితాలు తయారు చేసింది. జడ్జి సునంద ఇద్దరినీ చెరో పక్క నిలబెట్టి, మిమ్మల్ని ఎవరన్న బెదిరించిండ్రా, ఇష్టంతోనే రాజీ అయితున్నరా అని నెమ్మదిగ అడిగింది. లేదమ్మా, ఇష్టమే అన్నరు ఇద్దరు. బాట ఎప్పటికీ బాటగనే ఉండాలె అని రాయించి సంతకం చేసింది. బయటికొచ్చినంక నాగులమ్మ ముందుగాల మిషనోనికి ఫోన్ చేసింది.

చాయ బండి కాడ లింగస్వామి ఉండబట్టలేకపోయిండు. "నిజం చెప్పు గుర్వయ్యా. పోయినాయన మీ పాలోడు. వచ్చినామె మీ పాలామె. గెలిచే కేసు చేతులార ఎందుకు ఇడిచిపెట్టినవ్?"

గుర్వయ్య కోర్టు దిక్కు ఒకసారి తిరిగి చూసి, గొంతు బాగ తగ్గించిండు.

"మా నాయిన పోయినంక నా చెల్క సగం మింగింది ఎవలనుకున్నవ్ బావా, మా పాలోళ్లే. ఆ జడ్జి పాలోడు బదిలీ అయిండని ఊపిరి పీల్చుకున్ననో లేదో, మళ్ల ఇంకొకామెను తెచ్చి నా నెత్తిమీద కూసోబెట్టిండ్రు."