గుండ్రటి గీత

"ఆ గీత నా చేలోంచి తియ్యి దేవికమ్మా. తీసిందాకా నేనీ గడప దిగను."

బాబూరావు పైతువ్వాలు దులిపి, దేవిక ల్యాప్‌టాప్ పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తెర మీద పటం, పటం మీద ఊళ్ళనూ కొండలనూ చుట్టేసిన గుండ్రటి ఎర్ర గీత. దేవిక ఇంటి కిటికీలోంచి అది కంటబడినప్పటి నుంచీ ఆయనకు అన్నం సయించడం లేదు. రింగురోడ్డు తన మిరప చేను మీదుగానే పోతుందని ఒకటే దిగులు.

దేవికకు నవ్వే ఓపిక కూడా లేదు పాపం. పొద్దున నరసరావుపేట కాలేజీలో పాఠాలు, బస్సులో నిలబడి రాజుపాలెం రావడం, వచ్చీరాగానే ఈ మీటింగులు.

"బాబాయ్, ఇది రోడ్డు కాదు, భూమి లోపల సొరంగం. కంటికి కనపడని రేణువుల్ని అందులో ఎదురెదురుగా పరిగెత్తించి గుద్దిస్తారు. అదీ ఇక్కడ కాదు, యూరప్‌లో. చానా దేశాల వాళ్ళం కలిసి గీస్తున్నాం."

"గుద్దిస్తే ఏమొస్తది?"

"లోకం ఎట్టా పుట్టిందో తెలుస్తది."

"పుట్టింది గదా, ఇంకేంది? కాలవకి కొలిచినోళ్ళూ నీ చేను కాదులే అనే కొలిచారు. ఆనక మా నాయన నాటిన చింతచెట్టు ఏమైంది?"

దేవిక కణతలు నొక్కుకుంది. ఇవాళ ఆ గీత ఖాయం కావాలి. కాకపోతే ఏళ్ళ తరబడి చేసిన లెక్కలన్నీ మళ్ళీ మొదటికి. అక్కడి రైతులూ ఈయన లాంటివాళ్ళే. ఒకరి బావి తప్పించి గీత జరిపితే, ఇంకొకరి పశువుల కొట్టం అడ్డం వస్తుంది.

మీటింగులో టీ విరామం ఇచ్చారు. అక్కడి రైతుల తరఫున వచ్చిన షెర్లీ అనే పాడి రైతు ఒక్కతే తెర మీద మిగిలింది.

"నా మాట నమ్మకపోతే ఈవిణ్ణే అడుగు బాబాయ్. ఆ గీత ఉన్నది ఈవిడ చేలో. నీ మాట ఆవిడకీ, ఆవిడ మాట నీకూ ఈ ల్యాప్‌టాపే మార్చి చెప్తది." దేవిక లేచి వంటింట్లోకి పోయింది. టీ గిన్నె పొయ్యి మీద పెట్టి, గోడకానుకుని కళ్ళు మూసుకుంది. బాబూరావు గొంతు వినపడుతూనే ఉంది.

"ఆవులా అమ్మా? మాయి గేదెలు... అయ్యో, బావి ఎండిపోద్దనా నీ భయం?"

టీ తెచ్చేసరికి ఆయన మొహం తేటపడింది.

"నిజమేనే తల్లీ, మన ఊరు కాదు. ఊరికే నిన్ను సతాయించా. నా చేను మాట ఇంక ఎత్తితే ఒట్టు. ఆ షెర్లమ్మ మంచి మనిషే, ఫోన్ నెంబరు గూడా ఇచ్చింది."

ఆయన గడప దిగాడు. నెత్తి మీద మూట దించినట్టయి, దేవిక మళ్ళీ తెర ముందు కూర్చుంది.

"రైతులకు అభ్యంతరం లేకపోతే గీత ఖాయం చేద్దాం" అన్నాడు కాసేపటికి మీటింగు పెద్ద.

షెర్లీ చెయ్యెత్తింది. "ఇన్నాళ్ళూ మీతో మాట్లాడటం మాకు చేతకాలేదు. ఇక నుంచి మా తరఫున వేరే పెద్దమనిషి మాట్లాడతాడు."

తెర మీద కొత్త గడి ఒకటి తెరుచుకుంది. వెనక ఎర్రగా పండిన మిరప చేను, ముందు తలకు తువ్వాలు చుట్టుకున్న బాబూరావు.

"ఆ గీత షెర్లమ్మ చేలోంచి తియ్యి దేవికమ్మా."