డబ్బా అటుకులు

పొద్దున్నే అటుకుల డబ్బా మూత తీస్తున్న సరోజన, గడపలో నీడ పడితే తలెత్తి చూసింది.

పక్కింటి యాకమ్మ దగ్గరికి నెల కిందట వచ్చిన ముసలాయన. పేరు గట్టయ్య. యాకమ్మ తండ్రికి అన్న అవుతాడట. అంతకు మించి ఆ వాడలో ఎవరికీ ఏమీ తెలియదు.

"ఆ అటుకులు ఎవలు తింటాన్రు బిడ్డా?" అని అడిగాడు.

తన మామ తింటాడని చెప్పింది సరోజన.

మామ లింగమూర్తికి రెండేళ్లుగా షుగర్. డాక్టర్ చెప్పిన నాటి నుంచి చాయలో చక్కెర మానేశాడు. పండుగనాడైనా బెల్లం ముట్టడు. కొడుకు సారంగపాణి చౌరస్తాలోని మందుల దుకాణంలో కార్న్‌ఫ్లేక్స్ అనే ఈ మక్క అటుకుల డబ్బా చూసి తెచ్చాడు. డబ్బా మీద కండలు తిరిగిన మనిషి బొమ్మ, కింద బలానికని పెద్ద అక్షరాలు. మందుల దుకాణంలో దొరికేది గనుక ఇంట్లో అందరూ దాన్ని సగం మందే అనుకున్నారు. ఆ కొద్దిపాటి తీపి మక్కలదే అనుకున్నారు. రోజూ పొద్దున గిన్నెడు, పాలల్లో.

"షుగరున్న మనిషికి అది పెట్టకు బిడ్డా. గిన్నెడు అటుకులల్ల మూడు చెంచాల చక్కెర ఉంటది."

సరోజన డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమె చదవగలిగిన అక్షరాల్లో చక్కెర అన్న మాటే ఎక్కడా లేదు.

"నీకెట్ల ఎరుక?"

గట్టయ్య డబ్బా వంకే చూసి, తల దించుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు సత్తు గిన్నెలో జొన్న రవ్వ ఉడికించిన గట్క తెచ్చాడు. పైన పలచని సల్ల పోసి ఉంది.

లింగమూర్తికి మనసు కష్టమైంది. చిన్నప్పుడు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని, కరువు రోజుల్లో రెండు పూటలా అదే తిన్నాడు. ఇప్పుడు ఆయనకు నాలుగు పవర్‌లూమ్‌లు ఉన్నాయి. గట్క తినే రోజులు పోయినయని గట్టయ్యకు చెప్పమన్నాడు కోడలితో.

గిన్నె ముట్టకుండానే వెనక్కి వెళ్లింది.

గట్టయ్య ఇంకో రెండు రోజులు తెచ్చాడు. రెండు రోజులూ అట్లాగే తిరిగి వెళ్లింది.

ఆ వారంలోనే లింగమూర్తి కాలికి కొత్త చెప్పు కరిచింది. చిన్న పుండు. పసుపు పెట్టారు, మలాం రాశారు. మానలేదు. ఆ పుండు ఎట్లా ఉందో గట్టయ్య యాకమ్మను రోజూ అడిగేవాడు.

ఒకరోజు సరోజన నల్లా దగ్గర ఉండగా ఆయన లోపలికి వచ్చాడు. అలమరలోని డబ్బా తీసి, అటుకులన్నీ మోరీలో పారబోశాడు.

సారంగపాణి చూశాడు. అంగీ పట్టుకుని బయటికి గుంజుకొచ్చి తోశాడు. ముసలాయన గల్లీలో బోర్లా పడ్డాడు. మోకాలు చెక్కుకుపోయింది. నలుగురూ చేరారు. యాకమ్మ తలెత్తలేకపోయింది.

ఎందుకు పారబోశావని అడిగితే, గట్టయ్య దుమ్ము కూడా దులుపుకోకుండా ఒక్క మాటే అన్నాడు.

"మీ నాయిన కాలు పోతది కొడుకా."

సారంగపాణి దాన్ని శాపనార్థం అనుకున్నాడు. మళ్లీ తమ గడప తొక్కవద్దన్నాడు.

ఆ మధ్యాహ్నమే గట్టయ్య ప్యాసింజర్ ఎక్కి స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి తన ఊరికి వెళ్లిపోయాడు. మర్నాడు ఇంటికి కొత్త డబ్బా వచ్చింది.

నెలన్నర తిరగకముందే లింగమూర్తి కాలి వేళ్లు నల్లబడ్డాయి. పెద్ద దవాఖానలో చేర్చారు. రెండు వేళ్లు తీసేశారు.

పొద్దున ఏం తింటాడని అడిగింది లేడీ డాక్టర్. సరోజన సంచిలోంచి డబ్బా తీసి చూపించింది. దవాఖానలో కూడా మామకు లోటు చేయకూడదని వెంట తెచ్చింది మరి.

డాక్టర్ నాలుగు అటుకులు నోట్లో వేసుకుంది. వేళ్లకు అంటిన జిగురు చూసుకుంది.

"చాయలో ఒక చెంచా చక్కెర మాన్పించి, దీంట్లో రెండు మూడు చెంచాలు తినిపిస్తున్నారమ్మా" అంది నెమ్మదిగా. ఇకనుంచి పొద్దున కొంచెం జొన్న గట్క పెట్టి, సల్ల పొయ్యమని చెప్పింది. ముందే మానేసి ఉంటే వేళ్లు మిగిలేవేమో అని కూడా అంది.

సరోజన డబ్బా మూత పెట్టి మంచం కిందికి నెట్టేసింది.

మంచం మీది నుంచి అంతా విన్న లింగమూర్తి కోడలిని దగ్గరికి పిలిచాడు.

"ఆ ముసలాయన్ను ఒకసారి పిలువు బిడ్డా. నా కోసం తెచ్చిన బువ్వ మూడు దినాలు వాపసు పంపిన."

సరోజన దవాఖాన నుంచి నేరుగా యాకమ్మ ఇంటికి వెళ్లింది. యాకమ్మ అరుగు మీద జొన్నలు చెరుగుతోంది. విషయం విని, చేట పక్కన పెట్టింది.

"లేడు సరోజనా. పోయి పన్నెండు దినాలైంది."

సరోజన అరుగు అంచున కూర్చుంది. తన భర్త తోయడం వల్లనేమో అని భయపడింది. యాకమ్మే చెప్పింది, కాదు, ఊళ్లో జ్వరం వచ్చి పోయాడని. పోయే ముందు కూడా మీ మామ కాలు ఎట్లుందని అడిగాడని.

సరోజన యాకమ్మ చెయ్యి పట్టుకుంది.

"డాక్టరమ్మకు తినంగ తెలిసింది. రుచి చూడకుంటనే ఆయినకెట్ల తెలిసింది యాకమ్మా?"

సిగ్గయితదని ఎవరికీ చెప్పొద్దన్నాడని యాకమ్మ గొణిగింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"బొంబాయిల ఆ డబ్బా కంపెనీలనే ఇరువై రెండేండ్లు చేసిండు మా పెద్దబాపు. ఆ అటుకుల మీద చక్కెర పాకం పోసేటోడు ఆయినే."