బండి మీద అమ్మ

"ఆపండి! దాన్ని చింపమని ఎవరు చెప్పారు మీకు?"

చేతులకున్న గ్లవ్స్ కూడా తీయకుండా, లోపల కుర్చీలో పేషెంటును నోరు తెరిపించి వదిలేసి, పళ్ళ డాక్టరు వీధిలోకి పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే మునిసిపాలిటీ మనుషులిద్దరు వేడిగాలి మిషన్‌తో ఆయన వ్యాన్ మీది స్టిక్కరును సగం ఊడదీశారు. ఎడమవైపు పైకప్పు నుంచి చక్రం దాకా పరుచుకున్న బోసినోటి పెద్దావిడ బొమ్మకు గడ్డం లేచిపోయి గాలికి కొట్టుకుంటోంది. కుడివైపు అదే ఆవిడ తెల్లటి పలువరుసతో నవ్వుతోంది. కింద 'నిన్న అలా, ఇవాళ ఇలా' అని పెద్దక్షరాలతో రాసి, పక్కన క్లినిక్ ఫోన్ నంబరు వేసి ఉంది.

"పర్మిట్ ఉందా అండీ?" అంది వాళ్ళతో వచ్చిన మునిసిపల్ ఇన్‌స్పెక్టరమ్మ.

"నా బండి మీద నా క్లినిక్ గురించి వేసుకుంటే మీకేంటి నొప్పి?"

"తలుపు మీద పేరు రాసుకుంటే ఎవరూ అడగరు. బండి మొత్తానికి బొమ్మలు చుట్టి ఊళ్ళో తిప్పితే అది ప్రకటన. దానికి ముందే పర్మిట్ తీసుకోవాలి. వెనక అద్దం మూసేయకూడదు. బడుల ముందు నిలబెట్టకూడదు. బొమ్మలో ఉన్న మనిషి ఒప్పుకోలు ఉండాలి."

"ఒప్పుకోలా? ఆవిడ మా అమ్మ! మా అమ్మ బొమ్మ నేను వేసుకోవడానికి ఎవరి ఒప్పుకోలు కావాలి?"

"ఆవిడదే."

చుట్టూ మూగినవాళ్ళు కిసుక్కున నవ్వారు. డాక్టరు మొహం కందగడ్డలా అయింది.

"అసలావిడ ఎవరో తెలుసా? హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. ఆవిడ పనిచేసిన బడి ముందే రోజూ బండి ఆపుతాను. పిల్లలంతా చుట్టూ మూగి, ఆవిడలాగే పెదాలు లోపలికి లాక్కుని చూపిస్తారు. ఈ వయసులో అంత పేరు ఎంతమందికి వస్తుంది?"

ఇన్‌స్పెక్టరమ్మ ఆయన వంక ఒక్క క్షణం చూసింది. "ఫిర్యాదు వచ్చిందండీ. అందుకే వచ్చాం."

"ఎవడు చేశాడు?"

"చెప్పకూడదు."

చెప్పనక్కర్లేదనుకున్నాడు డాక్టరు. ఆయన అనుమానం ఒక్కడి మీదే. పక్క వీధిలో కొత్తగా క్లినిక్ తెరిచిన కుర్ర డాక్టరు. పేషెంటు పని ఎలాగో ముగించి, ఆ ఊపులోనే అక్కడికి వెళ్ళాడు.

"ఎదురుగా నిలబడి పోటీ చేయలేక చాటునుంచి దెబ్బ కొడతావా?"

కుర్ర డాక్టరు బిత్తరపోయాడు. "నేనేం చేశాను సార్?"

"నా బండి మీదికి మునిసిపాలిటీని ఉసిగొల్పింది నువ్వు కాదూ?"

"నేనెందుకు ఉసిగొల్పుతాను? మీ బండి ఈ సందు తిరిగినప్పుడల్లా ఆ బొమ్మ చూసి జడుసుకుని జనం నా దగ్గరికే వస్తున్నారు. అది తిరిగినన్నాళ్ళూ నాకు పండగే కదా!"

"మా అమ్మని చూసి జడుసుకుంటారా?"

డాక్టరు చటుక్కున అతని కాలర్ పట్టుకున్నాడు. నర్సు అడ్డం వచ్చి ఇద్దరినీ విడదీయాల్సి వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి అమ్మ కిటికీ పక్కన కూర్చుని మనవరాలి గౌనుకు బొత్తాం కుడుతోంది. భార్య మంచినీళ్ళు అందించింది. ఆయన తాగలేదు.

"నడిరోడ్డు మీద నీ మొహాన్ని గీకి పారేశారమ్మా! చూస్తుంటే నాకు కడుపు మండిపోయింది."

"మొత్తం తీసేశారా?" అంది అమ్మ.

"గోరంత కూడా మిగల్చలేదు."

అమ్మ దారం కొరికింది. "పోనీలేరా."

"పోనీలేరా ఏంటమ్మా? నీకు కోపం రావట్లేదూ?"

"వచ్చింది. తగ్గింది."

"నాకు తగ్గదు."

"ఇంక వదిలేయండి," అంది భార్య మెల్లగా. "అత్తయ్యగారు ఈమధ్య సాయంత్రం నడకకి కూడా వెళ్ళట్లేదు. ఈ గొడవలన్నీ ఆవిడకెందుకు?"

"మోకాళ్ళ నొప్పులకీ దీనికీ ముడిపెడతావేంటి? తను ఇంట్లో కూర్చున్నా ఊరు తనని మర్చిపోకుండా చూస్తున్నాను నేను!"

అమ్మ సూదిని గుడ్డలో గుచ్చి పక్కన పెట్టింది. "ఆ బోసినోటి ఫొటో కట్టుడు పళ్ళ కొలతలకని తీశావు కదరా?"

"కొలతలకే తీశాను. అంత బాగా వస్తుందని అప్పుడు నాకేం తెలుసు?" అంటూ ఆయన సంచిలోంచి ఓ కాగితం తీసి బల్ల మీద కొట్టాడు. "పర్మిటే కదా వాళ్ళక్కావాల్సింది? దరఖాస్తు తెచ్చేశాను. ఈసారి వెనక అద్దం వదిలేసి ముందు బానెట్ మీద కూడా నిన్నే వేయిస్తాను. ఎవడు ఆపుతాడో చూస్తాను. ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టు."

అమ్మ కలం మూత తీసి, కళ్ళజోడు సర్దుకుని మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టింది. ఆయనకు ఓపిక చచ్చిపోతోంది. గది ఆ చివరనుంచి ఈ చివరకు తిరుగుతూ పళ్ళు నూరాడు.

"ముందు ఆ ఫిర్యాదు చేసినవాడు నాకు దొరకాలి. వాడి మొహం ఇంతలావు బొమ్మ గీయించి, ఊరంతా తిప్పి, సిగ్గుతో గడప దాటకుండా చేస్తాను!"

అమ్మ కలానికి మూత పెట్టేసింది. కాగితాన్ని కొడుకు వైపు తోసింది.

"ఇన్నాళ్ళూ నువ్వు తిప్పింది ఆ మొహాన్నేరా."