బాధ్యత గవర్నమెంటుదే

సాయంత్రం ఐదింటిలోగా ఒక పేరు కావాలి. ఒక్కటంటే ఒక్కటి.

దేశం అప్పుల్లో మునిగిపోయింది. నర్సులకు నాలుగు నెలలుగా జీతాల్లేవు. కొత్త అప్పు ఇవ్వడానికి విదేశాల వాళ్లు ఒప్పుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు. ఈ అప్పులకు ఎవరు బాధ్యులో శుక్రవారం ఐదింటిలోగా తేల్చాలి. తేల్చి లోపల వెయ్యాలి. అప్పుడే డబ్బు కదులుతుంది. అప్పుడే నర్సులకు జీతం.

ఆ శుక్రవారం రానే వచ్చింది. ఆర్థిక శాఖ పెద్ద హాల్లో రిటైరైన జడ్జి కయీరా విచారణకు కూర్చున్నాడు. కిటికీ కింద నర్సులు చితెంగె గుడ్డలు పరుచుకుని మూడు రోజులుగా బైఠాయించారు. కాసేపు పాడుతున్నారు, కాసేపు తిడుతున్నారు.

"గవర్నమెంటును జైల్లో వెయ్యండి!" అని అరిచింది నర్సు తియమికె.

"ఇంకొంచెం గట్టిగా అరువక్కా, గవర్నమెంటుకు చెవుడు," అన్నాడు గేటు కాపలావాడు.

నర్సులు విరగబడి నవ్వారు. గవర్నమెంటు నిజంగానే వినిపించుకోలేదు. అయితే ఆ మూడు రోజులూ వాళ్లకు మంచినీళ్లు మాత్రం అందిస్తూనే ఉంది.

"జీతం అడిగితే నీళ్లిస్తున్నారు. ఇక చాలు, కడుపు నిండిపోయింది," అంది తియమికె.

లోపల బల్ల మీద టీలు చల్లారిపోతున్నాయి. ఒకవైపు మాజీ ఆర్థిక మంత్రి కలువా, ఇంకోవైపు ఇప్పటి మంత్రి చిపేతా.

"ఈ అప్పు మీరు చేసిందేనా?" అని కలువాను అడిగాడు జడ్జి.

"నేనా? నేను దిగిపోయేనాటికి అది చంటిపిల్ల, జడ్జి బ్వానా. మేపి మేపి ఏనుగును చేసింది ఈ చిపేతా."

"కన్నది నువ్వే కదయ్యా!" అని లేచాడు చిపేతా. "నేను వచ్చేసరికి ఖజానాలో బొద్దింకలున్నాయి. అవీ ఆకలితో ఉన్నాయి."

"ఉండవా మరి? వాటి మేత కాంట్రాక్టు కూడా నీ బావమరిదికే ఇచ్చావు!"

జడ్జి బల్ల మీద చరిచాడు.

"పోట్లాట ఇంటికెళ్లి పెట్టుకోండి. కాగితాల మీద సంతకం ఎవరిది?"

"నాదే," అన్నాడు కలువా. "కానీ నేను చదవలేదు. గవర్నమెంటు తెచ్చి నా ముందు పెట్టింది. నేను పెన్ను మూత తీశానంతే."

"నాకూ అంతే," అన్నాడు చిపేతా. "గవర్నమెంటు పెట్టకపోతే నేనెందుకు చేస్తాను?"

పదేళ్లలో వాళ్లిద్దరూ ఒక మాట మీదికి రావడం అదే మొదటిసారి.

"ఖర్చులు తగ్గించమన్నప్పుడు ఏం చేశారు?"

"వెంటనే కోత పెట్టాం బ్వానా. ఈ నెల నుంచి గవర్నమెంటు చక్కెర సగానికి సగం తగ్గించింది. తగ్గించిందా లేదా, నువ్వే చెప్పు కలువా!"

"తగ్గించింది," అన్నాడు కలువా ముఖం చేదుగా పెట్టి.

ఇంత జరుగుతున్నా గవర్నమెంటు నోరు మెదపలేదు. ఎవరూ అడగనూ లేదు.

"మాటలు చాలు, రుజువు చూపించండి," అన్నాడు జడ్జి.

శాఖ కార్యదర్శి జెరె ఒక లావుపాటి రిజిస్టరు తెచ్చి ముందుంచాడు.

"అప్పు కాగితాలు ఈ భవనంలోకి వచ్చిన ప్రతిసారీ ఎవరు అందుకున్నారో ఇందులో రాసి ఉంది. ఇరవై ఏళ్లది."

జడ్జి పేజీలు తిప్పాడు. ప్రతి పేజీలోనూ ఒకటే మాట. గవర్నమెంటు. గవర్నమెంటు. గవర్నమెంటు. ఏళ్లు గడిచేకొద్దీ అక్షరాలు వణికాయి తప్ప మాట మారలేదు.

"ఇదా మీ జవాబు? అప్పిచ్చేవాళ్లు బేడీలు వెయ్యమంటున్నారు జెరె. ఈ మాటకు ఎలా వెయ్యను?"

జెరె వంగి జడ్జి చెవిలో ఏదో చెప్పాడు.

జడ్జి కలం కింద పెట్టేశాడు. ఇద్దరు మంత్రులూ ఒకేసారి గోడ గడియారం వైపు చూశారు.

"సిగ్గులేదా మీకు?" అన్నాడు జడ్జి మెల్లగా.

"ఉంది బ్వానా. టైమే లేదు. నాలుగున్నరయింది," అన్నాడు జెరె.

కిటికీలోంచి పాట వినిపిస్తోంది. అందరి గొంతులూ అలిసిపోయాయి, తియమికె గొంతు ఒక్కటే మిగిలింది. పిల్లలు ఉత్త మొక్కజొన్న పిండి న్సిమా ముద్ద తింటున్నారనీ, నంజుకోవడానికి ఎండు చేప ముక్క కూడా లేదనీ, అద్దె కట్టలేదని ఇంటి ఓనరు తాళం మార్చేస్తానన్నాడనీ అప్పటికప్పుడు కట్టి పాడుతోంది.

జడ్జి ఆ పాట పూర్తయ్యేదాకా విన్నాడు. తర్వాత కలం తీసుకుని ఒకే ఒక్క వాక్యం రాశాడు.

‘ఈ అప్పులన్నిటికీ బాధ్యత గవర్నమెంటుదే.’

కలువా, చిపేతా లేచి ఒకరినొకరు కౌగిలించుకున్నారు. జెరె ఆ కాగితం మీద సీలు వేసి పోలీసులకు ఒక కాపీ, విదేశాలకు ఒక కాపీ పంపాడు. పావుగంటలో జవాబు వచ్చేసింది. డబ్బు సోమవారం వస్తుందట.

బయట నర్సులు సంబరంతో నాలుకలు ఆడిస్తూ కేకలు పెట్టారు. చితెంగెలు గాల్లోకి ఎగరేశారు.

"చెప్పానా? ఏదో ఒక రోజు గవర్నమెంటు దొరక్కపోదని!" అంది తియమికె, ఏడుస్తూ, నవ్వుతూ.

సరిగ్గా ఐదింటికి పోలీసులు ఆర్థిక శాఖ వంటగదిలోకి వెళ్లి, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజున పుట్టిందని తండ్రి ముచ్చటపడి ‘గవర్నమెంటు’ అని పేరు పెట్టుకున్న, ఇరవై ఏళ్లుగా అక్కడ టీ కాచి ఫైళ్లు మోస్తున్న ముసలామె చేతులకు బేడీలు వేశారు.