నమూనా ఫోటో

తలుపు తీసింది సాక్షాత్తూ చచ్చిపోయినాయనే.

బిలియానా చేతిలోని పూలగుత్తి జారి గడప మీద పడింది. సోఫియా నుంచి లోవెచ్ దాకా బస్సులో ఏడ్చుకుంటూ వచ్చిన మనిషి, నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయింది.

"మాస్టారూ... మీరు..."

"నేనే. దయ్యాన్నయితే చెప్పులేసుకుంటానా?" ముసలి మెతోదీ వంగి పూలగుత్తి తీశాడు. పూలు లెక్కపెట్టి మొహం చిట్లించాడు. "సరిసంఖ్యలో తెచ్చావే! అది పోయినవాళ్ళకి. ఇదిగో, ఒకటి లాగేస్తున్నా. ఇప్పుడు బతికున్నవాడికి తెచ్చినట్టయింది. లోపలికి రా."

ఆమె కుర్చీలో కూలబడింది. ఆయన చిన్న గ్లాసులో రాకియా సారా పోసి చేతికిచ్చాడు.

"ఎవరు చెప్పారు నీకు?"

"బస్టాపు దగ్గర కొట్టు నడిపే స్తోయ్నా ఫోన్ చేసింది. స్తంభం మీద మీ చావు కాగితం చూశానంది. తీరా వస్తే మీ గేటు మీదా అదే. నల్ల అంచు, మధ్యలో మీ మొహం."

"కింద పేరు చదవలేదా? నాది కాదుగా."

"ఆ మొహం చూశాక పేరు చదివే గుండె ఎవరికుంటుంది మాస్టారూ?"

"పనిలో చేరిన రోజే చెప్పాను నీకు. చావు కాగితం మీద రాసింది ఈ ఊళ్ళో ఎవరూ చదవరు. బొమ్మ చూసి అయ్యో అనుకుని పోతారు. అందుకే బొమ్మ బాగుండాలి."

"వేరే ఎవరైనా వచ్చారా?"

"పక్కింటావిడ, పోయినవాళ్ళ పేరిట పంచే గోధుమలు ఉడికించి తెచ్చింది. నన్ను చూసి గిన్నె వదిలేసి ఒకటే పరుగు! తర్వాత నువ్వే. ఈ ఊళ్ళో సగం పెళ్ళిళ్ళకి ఫోటోలు తీశానమ్మా. ఒక్కడూ రాలేదు."

అప్పుడు తట్టింది బిలియానాకి.

ఒకప్పుడు ఊళ్ళో ఎవరు పోయినా ఆ నల్ల అంచు కాగితం మెతోదీ స్టూడియోలోనే తయారయ్యేది. పోయినవాళ్ళ పాత ఫోటోకి ముడతలు సవరించి, కళ్ళలో కాస్త వెలుగు తెచ్చి మరీ ఇచ్చేవాడు. ఆ పనంతా చిన్నప్పుడు ఆయన దగ్గరే నేర్చుకుంది బిలియానా. తర్వాత సోఫియా వెళ్ళి వెబ్‌సైటు పెట్టింది. బొమ్మలు వేసుకునేవాళ్ళకి అక్షరాలు, అంచులు, శుభలేఖల నమూనాలు, అన్నీ ఉచితం. వాటిలోనే ఈ నల్ల అంచు కాగితం ఒకటి. నమూనాలో పెట్టడానికి ఎవరిదో ఒక మొహం కావాలి. తను తీసిన ఫోటోల్లో మాస్టారు మెచ్చుకున్నది ఒకే ఒక్కటి, ఆయనదే. అది పెట్టేసింది, మాటవరసకైనా అడగకుండా.

ఆ నమూనా వచ్చాక స్టూడియోకి ఎవరొస్తారు? ఊరంతా ఉచితంగా దించుకుని పుస్తకాల కొట్లో అచ్చు వేయించుకున్నారు. స్టూడియో మూతపడింది. తేలు కుట్టిన దొంగలా బిలియానా ఊరివైపు రావడమే మానేసింది. ఆయన ఫోన్ చేసినప్పుడల్లా "వచ్చేవారం వస్తా మాస్టారూ" అనేది. ఆ వారం ఎప్పుడూ రాలేదు.

"నా నమూనా మాస్టారూ అది! ఎవడో వెధవ దించుకున్నాడు. పేరు మార్చి, ఫోటో మార్చడం మర్చిపోయాడు."

"అలాగంటావా?" మెతోదీ తన గ్లాసులోకి చూస్తూ అన్నాడు.

"ముందు మీ పొట్ట కొట్టాను. ఇప్పుడు మిమ్మల్నే చంపేశాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే!" ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. "క్షమిస్తారా నన్ను?"

"ముందు కళ్ళు తుడుచుకో. సైటు ఎలా నడుస్తోంది?"

"ఏం నడవడం మాస్టారూ! ఇప్పుడు నాలుగు ముక్కలు టైపు చేస్తే చాలు, నేను రోజంతా గీసేది కంప్యూటరు చిటికెలో గీసి పెడుతోంది. నా దగ్గరికి ఎవడొస్తాడు? మీకు నేనేం చేశానో ఇప్పుడు తెలిసొస్తోంది."

ఆ మాటకి ఆయన సంతోషించి ఉంటే బావుండేదనిపించింది ఆమెకి. ఆయన మాత్రం గ్లాసు పక్కన పెట్టి, చిన్నప్పటిలా ఆమె తల మీద చెయ్యి వేశాడు.

"కోపం వచ్చిన మాట నిజమే. ఏరు దాటాక బోడిమల్లన్నని చేసిందని ఊరంతా తిట్టిపోశాను. కోపం ఎన్నాళ్ళుంటుందే పిచ్చిదానా? అది పోయింది. నువ్వు మాత్రం రాలేదు."

బిలియానా ఫోను తీసింది. "ఆ నమూనా ఇప్పుడే తీసేస్తా."

"వద్దు. ఉండనీ."

"ఎందుకు? రేపు ఇంకొకడు ఇదే పని చేస్తే?"

"చేస్తే ఏం? ఇన్నేళ్ళు పిలిచినా రానిదానివి, ఇవాళ పిలవకుండా వచ్చావుగా."

"మీరు పోయారనుకుని వచ్చాను మాస్టారూ!" ఆమె కుర్చీలోంచి లేచింది. "బస్సులో నేనెంత చచ్చానో మీకు తెలీదు. ఆఖరిచూపు కూడా దక్కలేదని, క్షమించమని అడగనైనా లేదని... ఆ కాగితం అంటించినవాడు దొరకనీండి, వాడి చెంప పగలగొట్టకపోతే నా పేరు బిలియానా కాదు!"

"కొట్టు," అంటూ మెతోదీ తన చెంప ముందుకు పెట్టాడు.